కృతజ్ఞత నటనలా అనిపిస్తోందన్న సిస్టర్‌కు సమాధానం

వందనాలు సిస్టర్. రాత్రి ప్రార్థనకు కూర్చుంటే రోజంతా జరిగిన చెడే గుర్తొస్తోందని, బలవంతంగా స్తోత్రం చెబితే దేవునికి అబద్ధం చెప్పినట్టుందని రాశారు. ఈ టెన్షన్ నేనూ పడ్డాను.

బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:8లో పౌలు ధ్యానించమన్న వాటిలో మొదటిది "సత్యమైనవి". అంటే బాధ లేనట్టు నటించమని కాదు. ఆ మాటలు రాసేటప్పుడు ఆయనా చెరసాల బంధకాల్లోనే ఉన్నాడు. 1 థెస్సలొనీకయులకు 5:18 కూడా ప్రతి విషయమునందును కృతజ్ఞత చెల్లించమంటుంది. జరిగిన చెడు మంచిదేనని ఒప్పుకోమనలేదు, అందులో ఉండగానే దేవుని మేలు మరువవద్దంటోంది. నాకు ఈ తేడా తెలిశాకే ప్రార్థన తేలికైంది.

13వ కీర్తన చదవండి, ఆరు వచనాలే. "ఎన్నాళ్లు?" అని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు, చివరికి పాడతాడు. మీరూ ముందు బాధనే చెప్పుకోండి. తర్వాత ఆ రోజు నిజంగా జరిగిన ఒక్క మేలు, చిన్నదైనా సరే, పేరు పెట్టి చెప్పండి. "అన్నిటికీ స్తోత్రం" అని ముగించేస్తే మనసుకు పట్టదు. చెడు ఆలోచన మళ్లీ వస్తే దానితో వాదించకండి, ఫిలిప్పీయులకు 4:6లో ఉన్నట్టు దాన్నే విన్నపంగా మార్చండి. మొదట్లో చాలాసార్లు అలా చేయాల్సి వస్తుంది. మీకోసం ప్రార్థిస్తున్నాను సిస్టర్.