తేలికపాటి రైఫిల్, గట్టి తన్ను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కొండలెక్కేటప్పుడు మోయలేక తేలికపాటి .308 (తూటా సైజు) రైఫిల్ కొన్నాను. స్కోప్‌తో కలిపి ఆరున్నర పౌండ్లు. షూటింగ్ రేంజ్‌లో బెంచి మీద పది తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోతోంది. మొదటి నాలుగు బాగానే తగులుతాయి, తర్వాతవన్నీ కిందికి పోతున్నాయి. షాపువాళ్లు మజిల్ బ్రేక్ (గొట్టం మూతికి బిగించి తన్ను తగ్గించే పరికరం) పెట్టించుకోమంటున్నారు. నా వేట మ్యూల్ డీర్ (ఒక జాతి జింక) వరకే. - ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: బ్రేక్ సంగతి చివర్లో చూద్దాం. 165 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) బుల్లెట్‌ను సెకనుకు 2,700 అడుగుల వేగంతో పంపితే మీ రైఫిల్ దాదాపు 20 ఫుట్-పౌండ్ల శక్తితో వెనక్కి తంతుంది. అదే తూటా 8 పౌండ్ల రైఫిల్లో 16 దగ్గర ఆగుతుంది. ఆ తేడా మీరు కొండ మీద మిగుల్చుకున్న బరువుకు కడుతున్న ధర. దాన్ని తగ్గించుకోవడానికి అన్నిటికన్నా చవకైన దారి తూటా మార్చడం. హార్నడీ కస్టమ్ లైట్ లాంటి తగ్గింపు లోడ్‌లో 125 గ్రెయిన్ల బుల్లెట్, తక్కువ తుపాకీమందు ఉంటాయి. మీ రైఫిల్లోనే తన్ను 12 దరిదాపులకు దిగుతుంది. మ్యూల్ డీర్‌కు కొలరాడో అడిగేది కనీసం 70 గ్రెయిన్ల బుల్లెట్, వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి. ఈ లోడ్ రెండూ దాటుతుంది. కాకపోతే తూటా మారితే దెబ్బ పడే చోటూ మారుతుంది. మళ్లీ జీరో చేసుకోకుండా (గురి చూసిన చోటే గుండు తగిలేలా స్కోప్ సరిచేసుకోకుండా) అడవికి వెళ్లకండి, రెండు రకాల తూటాలు ఒకే జేబులో వేసుకోకండి.

తర్వాత బట్ ప్యాడ్, అంటే భుజానికి ఆనే వెనక భాగానికి (బట్‌కు) ఉండే మెత్త. తేలికపాటి రైఫిళ్లకు చాలామంది తయారీదారులు పలచటి గట్టి రబ్బరుతో సరిపెడతారు. అంగుళం మందాన మెత్తటి ప్యాడ్ (లింబ్‌సేవర్, పాక్‌మేయర్ డిసిలరేటర్ వంటివి) అదే దెబ్బను కాస్త ఎక్కువసేపు, ఎక్కువ మేర మీద పరుస్తుంది. పైన తొడిగే రకం జోలికి మాత్రం పోకండి. అది స్టాక్‌ను (రైఫిల్ పిడిని) దాదాపు అంగుళం పొడుగు చేస్తుంది. ట్రిగ్గర్ నుంచి ప్యాడ్ మధ్యకు కొలత మామూలుగా పదమూడున్నర అంగుళాలు ఉంటుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు అదే ఎక్కువ. ఇక చలికోటు వేసుకుని పద్నాలుగున్నరతో గురిపెడితే బట్ భుజం గుంటలో కూర్చోక జబ్బ మీదికి జారుతుంది. కమిలేది అక్కడే. మీ మోడల్‌కు సరిపోయే రెడీమేడ్ ప్యాడ్‌ను పాతదాని స్థానంలో బిగించండి. గురిపెట్టినప్పుడు ముక్కుకూ బొటనవేలికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు మిగిలితే కొలత కుదిరినట్టే.

బెంచి మీద మీరు కూర్చునే తీరూ చూసుకోవాలి. రెస్ట్ (రైఫిల్‌ను ఆనించే దిమ్మ) కిందికి ఉంటే మనిషి రైఫిల్ మీదికి వంగిపోతాడు, బట్ కాలర్ ఎముకకు ఆనుతుంది, ఒళ్లు వెనక్కి ఊగే వీలుండదు. నిలబడి కాల్చినప్పుడు అదే తన్ను అంతగా తెలియకపోవడానికి కారణం ఇదే. రెస్ట్‌ను మీ నడుము నిటారుగా నిలిచేంత ఎత్తు చేయండి. ఎడమ చేతిని బట్ కింద పెట్టే సంచి దగ్గరికి పోనివ్వక ఫోరెండ్ (గొట్టం కింది ముందు భాగం) పట్టుకోండి, లేకపోతే తేలిక రైఫిల్ ఎగురుతుంది. పాతిక పౌండ్ల బరువులు పేర్చి తన్ను అసలే తెలియకుండా చేసే స్లెడ్‌లు (రైఫిల్‌ను బిగించే చట్రాలు) ఉన్నాయి. వాటి మీద రైఫిల్ కదలలేక చెక్క స్టాక్ మెడ దగ్గర పగిలిన సందర్భాలున్నాయి, మేము సిఫారసు చేయం.

గుళ్లు కిందికి పోతున్నది ఉలికిపాటు వల్లే అయ్యుండాలి. మీ తోటివారితో మ్యాగజైన్‌లో మీకు తెలియకుండా ఒకటి రెండు డమ్మీ (పేలని) తూటాలు కలిపించండి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం మూతి కిందికి వంగితే రోగం తెలిసిపోయినట్టే. మందు: ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన, రేంజ్‌లో .22 (తన్ను దాదాపు లేని చిన్న తూటా) రైఫిల్, చివర్లో మీ .308తో పది గుళ్లకు మించకుండా.

ఇవన్నీ చేశాక కూడా బాధగా ఉంటేనే బ్రేక్. తన్నును 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది, కాదనం. అయితే మోతను పక్కలకు తిప్పి కొడుతుంది. పక్కనున్న గైడ్ మీకు ఆప్తుడైనా క్షమించడు. చెవులకు రక్షణ లేకుండా ఒక్క గుండు కూడా కాల్చకూడదు. సప్రెసర్ (సైలెన్సర్) తన్నునూ మోతనూ రెండింటినీ తగ్గిస్తుంది. 2026 జనవరి 1 నుంచి దాని మీద 200 డాలర్ల ఫెడరల్ పన్ను సున్నా అయింది గానీ రిజిస్ట్రేషన్ తప్పదు.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాను. స్నేహితుడి రైఫిల్ కాల్చి తన్ను ఎంతో చూసి కొనాలని ఉంది. చేతిలోకి తీసుకోవచ్చా? - డాలస్

జవాబు: హెచ్-1బి లాంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే రేంజ్. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, ఆ తేదీ దాటనివ్వకండి.

ప్రశ్న: పడుకుని కాలిస్తే స్కోప్ కనుబొమ్మను చీరుతోంది. - హ్యూస్టన్

జవాబు: పడుకున్నప్పుడు, ఎగువకు గురిపెట్టినప్పుడు తల ముందుకు జరుగుతుంది. కంటికీ అద్దానికీ కనీసం మూడున్నర అంగుళాలు ఉండాలి. మీరు పడుకునే భంగిమలోనే స్కోప్‌ను ముందుకు జరిపి, తయారీదారు చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) స్కోప్‌ను పట్టి ఉంచే రింగ్ మరలు బిగించండి. తేలిక రైఫిళ్లపై అవి వదులవుతుంటాయి, వేట సీజన్ ముందు ఒకసారి తనిఖీ చేయండి.