సముద్రం, వాతావరణం మీద పరిశోధన: మన నెల్లూరు పిల్లలను పంపొచ్చా?

అన్నా, మీ అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాదిలో ఉంది, తర్వాత సముద్రం, వాతావరణం మీద పరిశోధన చేస్తానంటోంది, ఓడలెక్కి తిరగాలేమోనని ఇంట్లో టెన్షన్ అని రాశారు. బీఈడీ చేయిస్తే మేలు కదా అని కూడా అడిగారు. నాది కావలి పక్కన సముద్రపు ఒడ్డు ఊరు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేసి ఇప్పటికీ బంగాళాఖాతం మీదే పనిచేస్తున్నాను. పంపమనే చెప్తాను. కాకపోతే ఒక సంగతి చూసుకుని పంపండి.

ఆ అమ్మాయికి లెక్కలు ఇష్టమేనా? సముద్రమంటే ఇష్టం ఉంటే చాలదు. ఫ్లూయిడ్ డైనమిక్స్ (నీళ్ళు, గాలి కదిలే తీరు లెక్కగట్టడం), డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, పైథాన్ అనే కంప్యూటర్ భాష, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చోవడం, అసలు పని ఇదే. ఓడ ఎక్కకుండానే పీహెచ్‌డీ పూర్తిచేసేవాళ్ళు బోలెడుమంది. ఎక్కినా కొద్ది వారాలే. నేను వెళ్ళాను, ఆడపిల్లగా నాకు ఏ ఇబ్బందీ రాలేదు, మొదటి రెండు రోజులు వాంతులు తప్ప.

ఓడ మీద చూసింది ఒకటి చెప్తాను. ఇనప చట్రం చుట్టూ నీళ్ళు పట్టే పొడవాటి గొట్టాలు, అడుగున ఉప్పు, వేడి, లోతు కొలిచే సెన్సర్లు ఉంటాయి. సీటీడీ అంటాం దాన్ని. తీగ మీద నీళ్ళలోకి దించుతుంటే లోపల స్క్రీన్ మీద గీత పడుతూ వస్తుంది. పైన కొన్ని మీటర్ల దాకా ఉప్పు బాగా తక్కువ, ఆ కింద ఉన్నట్టుండి గీత పక్కకు జరిగిపోతుంది. పైన తేలేది నదుల నీళ్ళు, వాన నీళ్ళు కలిసి పల్చబడిన నీరు. గంగ, బ్రహ్మపుత్ర నీళ్ళు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తీరం వెంబడి దక్షిణానికి, మన దాకా వస్తాయి. ఈ తేలిక నీరు పైన మూతలా ఉంటే గాలి ఎంత చిలికినా అడుగు చల్లనీరు పైకి రావడం కష్టం. పైనీరు వెచ్చగానే ఉంటుంది, తుపానుకు ఆ వేడే బలం. సరిగ్గా మన తుపాన్ల కాలంలోనే ఇది జరుగుతుందని తెలిశాక నేనిక వేరే అంశం వైపు చూడలేదు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి మా ఇంట్లో వింటూ పెరిగాను. అది థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ నేల దాటి బంగాళాఖాతంలోకి వచ్చి మళ్ళీ బలం పుంజుకుందని ఎమ్మెస్సీలోనే తెలిసింది.

ఎల్‌నినో అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకన్నా వేడెక్కడం, అది వచ్చిందంటే కరువే అనుకుంటాం కదా. దేశంలో చాలా చోట్ల నైరుతి వానలకు ఆ ముప్పు ఉన్నమాట నిజమే. కానీ నెల్లూరుకు సగానికి పైగా వాన ఈశాన్య రుతుపవనాలదే, ఎల్‌నినో ఏళ్ళలో అవి తరచు ఎక్కువే కురుస్తాయి. 2015 బలమైన ఎల్‌నినో ఏడాది, ఆ నవంబర్‌లో మన జిల్లా ఎలా మునిగిందో మీకే తెలుసు. ప్రతిసారీ అలా జరగదు. ఎందుకు జరగదో తేల్చే పని మన పిల్లలు చేయాలని నా కోరిక.

చదువు సంగతికి వస్తే, ఆంధ్రా యూనివర్సిటీలో ఈ చదువుకు పాత పేరుంది. 1950లలోనే అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చి అక్కడి విద్యార్థులతో తూర్పు తీరం సముద్రాన్ని కొలిపించారు. సీటు పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షతో వస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కొచ్చిన్‌లోని కుసాట్ యూనివర్సిటీ కూడా చూడండి. పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో ఎర్త్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె వస్తాయి. చదువు ఖర్చు మీ మీద పడదు.

ఉద్యోగం మాత్రం బీఈడీ అంత సూటి దారి కాదు. వాతావరణ శాఖ, హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్, పుణెలో రుతుపవనాల మీద పరిశోధించే ఐఐటీఎం, చెన్నైలో సముద్ర టెక్నాలజీ సంస్థ ఎన్‌ఐఓటీ ఉన్నాయి, కానీ పర్మనెంట్ పోస్టులు ఏటా పడవు. ప్రాజెక్టు పోస్టుల్లో కొన్నేళ్ళు కాంట్రాక్టు మీద నెట్టుకురావాలి. ఆ ఓపిక మీకూ ఉండాలి. గాలిమరల కంపెనీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఇప్పుడు ఈ చదువున్నవాళ్ళను తీసుకుంటున్నాయి.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయించండి. ఆర్గో ఫ్లోట్లు అని సముద్రంలో వదిలే పరికరాలున్నాయి. 2000 మీటర్ల లోతుకు దిగి, పది రోజులకోసారి పైకి తేలి, కొలిచినవన్నీ ఉపగ్రహానికి పంపుతాయి. ఆ డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మన తీరానికి ఎదురుగా తిరిగిన ఒక ఫ్లోట్‌ది తీసుకుని, మే నెలలో, నవంబర్‌లో ఉప్పు ఎలా ఉందో పైథాన్‌లో గీసి చూపించమనండి. భోజనానికి పిలిచినా లేవకుండా దాని మీదే కూర్చుందంటే, మీరిక బీఈడీ మాట ఎత్తకండి.