మా ఆయన మాలీలో ఉన్నారు, నాకు కంటి మీద కునుకు లేదు

“మా ఆయన సిమెంట్ ఫ్యాక్టరీ ఫిట్టర్. పల్నాడులో చాలా ఏళ్లు పనిచేసి, జీతం ఎక్కువని పశ్చిమ ఆఫ్రికాలోని మాలీకి వెళ్లారు. కాయెస్ అనే ఊరి దగ్గర ప్లాంటు. ఏజెంటుకు కట్టినదీ ఇంటి మీద తెచ్చినదీ కలిపి ఐదు లక్షల అప్పుంది. అక్కడ మనవాళ్లను తీవ్రవాదులు ఎత్తుకుపోయారని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో ఏడుస్తుంటే ‘నాకేం కాదు’ అని పెట్టేస్తారు. అత్తయ్య నన్నే కసురుతుంది, వాడిని బెదరగొట్టకు అని. ఇంకోటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. పక్కింటి ముస్లిం పెద్దమ్మ మా పాపను పుట్టినప్పటి నుంచి చూసుకుంది. ఇప్పుడు పాపను వాళ్లింటికి పంపాలంటే మనసు రావడం లేదు. నాకు పిచ్చి పడుతోందా?” – ఒక సోదరి, పల్నాడు జిల్లా

అమ్మా,

మీకు పిచ్చి కాదు. మీ భయానికి కారణం ఉంది, ఆ మాట ముందు మీ అత్తగారికి తెలియాలి. 2025 జులై 1న మాలీలో ఒకేరోజు అనేక పట్టణాల్లో సైనిక స్థావరాల మీద దాడులు జరిగాయి. కాయెస్ వాటిలో ఒకటి. ఆ రోజే అక్కడి సిమెంట్ ఫ్యాక్టరీలోకి సాయుధులు చొరబడి ముగ్గురు భారతీయులను ఎత్తుకెళ్లారు. మర్నాడు మన విదేశాంగ శాఖే ఆ విషయం ప్రకటించి, మాలీలోని భారతీయులందరూ చాలా జాగ్రత్తగా ఉండాలని, రాయబార కార్యాలయంతో టచ్‌లో ఉండాలని చెప్పింది. అదే ఏడాది నవంబరులో మరో ఐదుగురు భారతీయులను అపహరించారు. అల్‌ఖైదాతో సంబంధమున్న జేఎన్ఐఎం అనే ముఠా సెప్టెంబరు నుంచి ఇంధన ట్యాంకర్లను తగలబెడుతూ రోడ్లు దిగ్బంధించింది. పెట్రోలు, డీజిలు దొరక్క అక్టోబరు చివర్లో ప్రభుత్వం దేశమంతా రెండు వారాలు బడులు మూసేసింది. ఇదంతా తెలిసిన మనిషికి నిద్ర పట్టకపోవడం వింతేమీ కాదు.

పక్కింటి పెద్దమ్మ సంగతి దాచకుండా రాశారు. చాలామంది ఆ మాట బయటికి చెప్పరు, లోపలే పెంచుకుంటారు. మాలీలో నూటికి తొంభై మందికి పైగా ముస్లింలే. ఆ ముఠాల చేతుల్లో ఎక్కువగా చచ్చిపోతున్నదీ, ఊళ్లొదిలి పారిపోతున్నదీ వాళ్లే. 2012లో ఈ ముఠాలు తింబక్తు పట్టణాన్ని పట్టుకుని మొదట చేసిన పనుల్లో ఒకటి, అక్కడి ముస్లిం సూఫీ పెద్దల సమాధులను గునపాలతో పగలగొట్టడం. తరతరాలుగా ఆ ఊరివాళ్లు మొక్కుకునే చోట్లు అవి. మన దగ్గర దర్గాకు వెళ్లి మొక్కుకునేవాళ్లకు ఆ బాధ ఎలాంటిదో వేరే చెప్పాలా? 2023 సెప్టెంబరులో నైజర్ నదిలో ప్రయాణికుల పడవ మీద దాడి చేసి సుమారు 50 మంది మామూలు జనాన్ని చంపేశారు. అక్కడ పశువుల కాపర్లకూ రైతులకూ భూమి తగాదాలున్నాయి, సర్కారు చాలా ఊళ్ల మొహమే చూడదు, సైన్యం కూడా పల్లెల మీద పడి అమాయకులను చంపిన ఘటనలున్నాయి. ఆ కోపాన్ని వాడుకునే ఈ ముఠాలు కుర్రాళ్లను చేర్చుకుంటున్నాయి. మీ పాపకు అన్నం తినిపించి పెంచిన మనిషికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆమెకు మీ ఆయన సంగతి చెప్పండి. మీ ఇంట్లో దొరకని ఓదార్పు అక్కడ దొరకవచ్చని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇక మీ ఆయన. ‘నాకేం కాదు’ అంటున్నారంటే ఆయనకు భయం లేదని కాదు. మీరు ఏడిస్తే తట్టుకోలేక నిజం దాస్తున్నారు. దాచేకొద్దీ మీకు అనుమానం పెరుగుతోంది. ఏడవొద్దని నేననను. ఏడుపొస్తే ఏడవండి, కానీ వారంలో ఒక ఫోన్ మాత్రం వివరాలకే ఉంచండి. పడుకునేది ప్లాంటు ఆవరణలోనా, బయటా? డ్యూటీకి వెళ్లే రోడ్డేది, తోడు కాపలా ఉంటుందా? పాస్‌పోర్టు తన దగ్గరుందా, కంపెనీ తీసుకుందా? మాలీ రాజధాని బమాకోలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారా? కంపెనీ బీమా ఉందా? గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్లలో చాలామందికి తప్పనిసరయ్యే ప్రవాసీ బీమా జాబితాలో మాలీ లేదు, అందుకే ఇది గట్టిగా అడగాలి. ఒప్పందం మధ్యలో వస్తే ఎంత కట్టాలో కాగితం చూసి చెప్పమనండి. రావాలనుకుంటే బమాకో వందల కిలోమీటర్ల దూరం, ఆ రోడ్డు మీదే దాడులు జరిగాయి. సెనెగల్ సరిహద్దు దగ్గరే గానీ అటూ దాడులయ్యాయి. కాబట్టి ఏ దారిలో, ఎప్పుడు కదలాలో రాయబార కార్యాలయాన్నీ కంపెనీనీ అడిగి తేల్చుకోవాలి, ఎవరో తెలిసినవాడి కారెక్కి బయల్దేరకూడదు. కంపెనీ పలకకపోతే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో మీరే ఇక్కడి నుంచి ఫిర్యాదు పెట్టొచ్చు, విదేశాల్లోని మన తెలుగువాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి కూడా ఫోన్ చేయండి. ప్లాంటు ఫొటోలు, ఆయన ఉండే చోటు వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టొద్దు, మీ బంధువులనూ పెట్టనివ్వొద్దు.

రాత్రి పడుకునే ముందు యూట్యూబ్‌లో ఆ వీడియోలు చూడటం ఆపేయండి. రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే డాక్టర్ని కలవండి. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

నన్నడిగితే ఆయన వచ్చేయాలి. ఇది నా అభిప్రాయం, నిర్ణయం మీ ఇద్దరిదీ. అయితే ఆయన రాకపోవడానికి పెద్ద అడ్డంకి తీవ్రవాదులు కాదేమో అనిపిస్తోంది. అప్పు తీరకుండా ఉత్త చేతులతో వస్తే ఊళ్లో ఏమంటారోనన్న బెంగ అది. “వచ్చెయ్, అప్పు సంగతి మనం చూసుకుందాం” అని ఇంట్లో ఎవరూ ఆయనతో అన్నట్టు మీ ఉత్తరంలో కనబడలేదు. మీరు ‘భయమేస్తోంది, వచ్చేయండి’ అంటున్నారు. రెండూ ఒకటి కాదు. ముందు మీరూ అత్తగారూ కూర్చుని కాగితం మీద లెక్క రాయండి. వడ్డీ ఎంత, ఎవరికి ముందు కట్టాలి, ఎవరు గడువిస్తారు, పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు ఫ్యాక్టరీల్లో ఫిట్టర్‌కు ఇప్పుడెంత ఇస్తున్నారు. ఐదు లక్షలు చిన్న మొత్తం కాదు, కానీ ఇక్కడి జీతంతో కొన్నేళ్లలో తీర్చగలిగేదే. ఆ లెక్క తేలాక ఫోన్ మీ అత్తగారి చేతికివ్వండి. రమ్మనే మాట ఆయన తల్లి నోటి నుంచి వినాలి. ఆవిడ ఒప్పుకోకపోతే ఈ జవాబు చదివి వినిపించండి.