పెరటి నిండా అంజూర కాయలు: ఏం చేసుకోవాలి?

ఆగస్టులో సెలవు మీద అనంతపురం వచ్చినప్పటి నుంచి నన్ను వీసా సంగతులకంటే అంజూర గురించే ఎక్కువమంది అడుగుతున్నారు. మా వీధిలో ఒకామె కూతురు కాలిఫోర్నియాలో పెరడున్న ఇల్లు అద్దెకు తీసుకుంది. చెట్టు నిండా కాయలు, కింద రాలినవాటి మీద చీమలు, కందిరీగలు. "అన్ని పండ్లూ చెత్తలో పోస్తాండారంట నాయనా, కడుపు తరుక్కుపోతాది" అని ఆమె బాధ. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పినదే కొత్తగా వెళ్లిన మిగతా వాళ్ల కోసం రాస్తున్నాను.

అంజూర మామిడిలాంటిది కాదు. పచ్చిగా కోసి గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో మాగేస్తే పండదు, వాడిపోయి చప్పగా మిగులుతుంది. చెట్టు మీదే పండాలి. రంగును నమ్మొద్దు. బ్లాక్ మిషన్ రకం నల్లబడుతుంది గానీ కడోటా రకం పండినా పసుపుపచ్చగానే ఉంటుంది. చూడాల్సింది మెడను. నిక్కి నిలబడిన కాయ పండగానే తొడిమ దగ్గర వంగి వేలాడుతుంది, తాకితే మెత్తగా ఉంటుంది, అడుగున ఉండే చిన్న రంధ్రం, అంటే కన్ను దగ్గర ఒక్కోసారి తేనెబొట్టు కనిపిస్తుంది. తెంపినచోట తెల్లటి పాలు బాగా కారాయంటే తొందరపడ్డట్టే.

ఆ పాలతో జాగ్రత్త. ఒంటికి అంటుకుని దాని మీద ఎండ పడితే ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు లేస్తాయి. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకుని కోయండి, అంటితే వెంటనే సబ్బుతో కడుక్కోండి. పిల్లల్ని చెట్టెక్కనివ్వకండి.

ఇండియా నుంచి వచ్చిన అత్తగారు మేడిపండు సామెత ఎత్తుకుంటే కంగారు పడొద్దు. అక్కడి పెరళ్లలో ఎక్కువగా ఉండేవి పరాగం మోసుకొచ్చే చిన్న కందిరీగ లోపలికి దూరకపోయినా కాసే రకాలు. అయినా తెరుచుకున్న కన్నులోంచి చీమలు, చిన్న పెంకుపురుగులు దూరుతుంటాయి కాబట్టి రెండుగా చీల్చి చూసి తినండి. పులిసిన వాసన వస్తే పారేయడమే.

పండిన అంజూర ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఆగదు. అందుకే రోజూ పొద్దున్నే కోసి, ఆ రోజే తేల్చుకోవాలి. అన్నిటికంటే సులువు ఫ్రీజర్. కడిగి, తొడిమ తీసి, ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి కవర్లో వేసుకుంటే సంక్రాంతికీ ఉగాదికీ పనికొస్తాయి. ఎండబెట్టాలనుకుంటే సగాలుగా కోసి డీహైడ్రేటర్లో (పండ్లు ఎండబెట్టే యంత్రంలో) 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టండి. మామూలు ఓవెన్లు అంత తక్కువకు దిగవు, పండు ఎండే బదులు ఉడుకుతుంది. షుగర్ ఉన్న నాన్నగారికి ఎండు అంజూర డబ్బా అప్పగించకండి. 100 గ్రాముల తాజా పండులో చక్కెర సుమారు 16 గ్రాములు, ఎండినదాంట్లో 48 దాకా ఉంటుంది.

నాకు బాగా నచ్చేది ఓళిగలు (బొబ్బట్లు). పండ్లు నలిపి, బెల్లం సగానికి సగం తగ్గించి, గరిటె వేస్తే నిలబడేంత దగ్గరగా ఉడికించి, శెనగపప్పు పూర్ణంలో కలుపుకోవాలి. తడి మిగిలితే పిండిలోంచి బయటికొచ్చి పెనానికి అంటుకుంటుంది. ఈ ఒక్క దానికి ఓపిక పట్టండి.

జామ్ చేసేవాళ్లకు ఒక మాట. ఆవకాయ జాడీలా మూత బిగించి బయట పెట్టేయొద్దు. అంజూరలో పులుపు చాలదు, గాలి తగలని సీసాలో బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదముంది. సీసాల్లో సీల్ చేసి నిల్వ పెట్టే అంజూర పండ్లకు లీటరు సీసాకు రెండు టేబుల్ స్పూన్ల బాటిల్ నిమ్మరసం కలపాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. చెట్టు నిమ్మకాయలో పులుపు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి బాటిల్‌దే వాడమంటారు. ఇదంతా తలనొప్పి అనిపిస్తే కొంచెమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఇక పచ్చికాయలు. పచ్చివి నేరుగా తింటే నోరు, పెదాలు మండుతాయి. కోసి పావుగంట ఉడికించి నీళ్లు వంచేయాలి, మళ్లీ కొత్త నీళ్లలో ఇంకోసారి. పాల జిగురు, చేదు పోయాక మన వంకాయ వేపుడులాగే ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపులో మగ్గబెట్టి, చివర్లో వేయించిన శెనక్కాయ విత్తనాల పొడి చల్లండి. జొన్నరొట్టెలోకి బాగుంటుంది. టర్కీ, సైప్రస్ వాళ్లయితే లేతకాయల్ని ఇలాగే నీళ్లు మార్చి మార్చి ఉడికించి పాకంలో వేస్తారు. మీ ఊళ్లో టర్కిష్ దుకాణం ఉంటే ఒక సీసా కొని రుచి చూశాకే ఆ పని పెట్టుకోండి, తీపి చాలా ఎక్కువ.

లండన్, సియాటెల్ లాంటి చలి ఊళ్లలో అక్టోబర్ దాటినా పండని పెద్ద కాయలు ఇక పండవు, తీసేయండి. కొమ్మ చివర బఠానీ గింజంత ఉన్నవాటిని మాత్రం ముట్టుకోవద్దు. చలికి తట్టుకుంటే వచ్చే ఏడు తొలి కాపు అవే.