భూటాన్ మనకు మిత్రదేశమే కదా, అక్కడ రాయబారి ఎందుకు?

ప్రశ్న: భారత్, భూటాన్ మంచి మిత్రదేశాలని మా సోషల్ మాష్టారు చెప్పారు. అంత స్నేహం ఉన్నప్పుడు రాయబార కార్యాలయాలు దేనికి? ఇద్దరికీ మాట తేడా వస్తే ఏం చేస్తారు?
– ఏడో తరగతి విద్యార్థిని, తెనాలి

జవాబు: స్నేహం ఉన్నచోటే రాయబారికి పని ఎక్కువమ్మా. ఇచ్చిపుచ్చుకోవడాలు లేని దేశంతో తేల్చుకోవలసిన విషయాలు తక్కువ. భూటాన్‌తో మనకు సరిహద్దు, రోడ్లు, వ్యాపారం, కరెంటు అన్నీ ముడిపడి ఉన్నాయి. కరెంటు సంగతే చూడు. మన సాయంతో అక్కడ కట్టిన 336 మెగావాట్ల చుఖా, 1,020 మెగావాట్ల తాలా జలవిద్యుత్ కేంద్రాల్లో, వానాకాలంలో నదులు నిండుగా పారేటప్పుడు ఆ చిన్న దేశానికి అవసరమైన దానికన్నా ఎక్కువ కరెంటు తయారవుతుంది, ఆ మిగులును మనం కొంటాం. చలికాలంలో నీరు తగ్గి ఉత్పత్తి పడిపోయినప్పుడు భూటానే మన దగ్గర కొనుక్కుంటుంది. యూనిట్ ధర ఎంత, అప్పు ఎన్నేళ్లలో తీర్చాలి వంటివి ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. నాయకులు సంతకాలు చేస్తున్న ఫొటోలే పత్రికల్లో వస్తాయి గానీ, ఆ కాగితంలోని ఒక్కొక్క వాక్యం మీద అంతకుముందే బేరసారాలు సాగించేది అధికారులు. థింఫూలోని మన రాయబార కార్యాలయం, ఢిల్లీ చాణక్యపురిలోని భూటాన్ కార్యాలయం ఈ పనిలో ఉంటాయి.

రాయబారిని నచ్చినట్టు పంపడం కుదరదు. ముందుగా పేరు తెలియజేసి అవతలి దేశం సమ్మతి అడగాలి. వద్దనుకుంటే వారు కారణం కూడా చెప్పనక్కరలేదు. సమ్మతి వచ్చాక మన రాష్ట్రపతి సంతకం చేసిన నియామక పత్రాన్ని రాయబారి స్వయంగా భూటాన్ రాజుకు అందజేస్తారు. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం రాయబారిని అరెస్టు చేయకూడదు, అనుమతి లేకుండా పోలీసులు రాయబార కార్యాలయంలో అడుగుపెట్టకూడదు, దౌత్య పత్రాలుండే సంచిని విప్పకూడదు. దూతను చంపరాదని లంకలో విభీషణుడు చెప్పిన నీతి ఇదే. తోకకు నిప్పు పెట్టడం మాత్రం ఇప్పటి లెక్కలో పెద్ద నేరమే!

ఇక మాట తేడా సంగతి. 2013 జులైలో భూటాన్‌కు ఇచ్చే వంటగ్యాసు, కిరోసిన్ రాయితీని భారత్ నిలిపివేయడంతో అక్కడ సిలిండర్ ధర అమాంతం పెరిగింది. సరిగ్గా ఎన్నికల ముందు ఇలా జరగడంతో భూటాన్ ప్రజలు నొచ్చుకున్నారు. తర్వాత రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోగా, కొన్ని వారాల్లోనే రాయితీ మళ్లీ మొదలైంది. ఒప్పందాలను కూడా కాలాన్ని బట్టి తిరగరాసుకుంటారు. విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకుంటానని 1949 స్నేహ ఒడంబడికలో భూటాన్ అంగీకరించింది. ఆ దేశం 1971లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశమై, సొంతంగా ఇతర దేశాలతో వ్యవహరించడం మొదలుపెట్టాక ఆ షరతు బిగుతైన చొక్కాలా మారింది. 2007లో దాన్ని తీసేసి, పరస్పర ప్రయోజనాల విషయంలో సన్నిహితంగా సహకరించుకుంటామని, ఒకరి భద్రతకు హాని చేసే పనులకు మరొకరి నేలను వాడనివ్వబోమని రాసుకున్నారు. పెద్ద దేశం తన పట్టును తానే సడలించుకోవడం అరుదు కాబట్టి, ఈ స్నేహంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ మార్పే.

ప్రశ్న: మరి భూటాన్‌కు అన్ని దేశాలతోనూ దౌత్య సంబంధాలు ఉన్నాయా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, వరంగల్

జవాబు: లేవు. దౌత్య సంబంధాలు రెండు దేశాలూ ఇష్టపడితేనే ఏర్పడతాయి. భద్రతా మండలిలో శాశ్వత సభ్యత్వం ఉన్న అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, చైనాలలో ఏ ఒక్క దేశంతోనూ భూటాన్‌కు అధికారిక దౌత్య సంబంధాలు లేవు. అలాగని మాటలు లేవనుకోకు. చైనాతో సరిహద్దు చర్చలు 1984 నుంచి సాగుతున్నాయి; థింఫూలో చైనా రాయబార కార్యాలయం లేదు కాబట్టి ఆ రెండు దేశాల మధ్య కబుర్లు ఎక్కువగా ఢిల్లీలోని వారి వారి కార్యాలయాల ద్వారానే నడుస్తాయి.