ఆశా వర్కర్ ఇల్లంతా చూస్తానంటోంది, చూడనివ్వాలా?

ప్రశ్న: మా బాబుకి 9 నెలలు, ఇల్లంతా పాకుతున్నాడు. మొన్న ఆశా వర్కర్ వచ్చి బాత్రూం, వంటగది కూడా ఒకసారి చూస్తానంది. మా అత్తమ్మకి కోపం వచ్చింది, మా ఇంట్లో ఆమె పెత్తనమేంది అని. నిజంగా అవసరమా డాక్టర్ గారూ? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: చూడనివ్వండమ్మా. 2018 నుంచి ఆశాలు పిల్లలకి 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఇంటికి రావాలని ప్రోగ్రాం ఉంది, అందులో తిండి, ఎదుగుదల, టీకాలు మెయిన్, ఆమె బకెట్లు కూడా చూస్తానందంటే ఇంకా మంచిదే కదా. రోజూ చూసే ఇంట్లో మన కళ్ళకి ఆననివి బయటివాళ్ళకి ఇట్టే కనిపిస్తాయి.

ముందు బాత్రూం. ఈ వయసు పిల్లలకి తల బరువెక్కువ, బకెట్లోకి తొంగిచూసి తలకిందులుగా పడితే మళ్ళీ లేవలేరు, నీళ్ళు జానెడున్నా చాలు, పైగా అరుపు కూడా వినపడదు, అందుకే వాడేశాక ఒంపేసి బోర్లించెయ్యండి. హీటర్ రాడ్డు పెట్టినప్పుడు బయట గడియ వెయ్యాల్సిందే.

వంటగదిలో నా భయం స్టవ్ కంటే కింద పెట్టిన సాంబారు గిన్నె, వార్చిన గంజి. ఒకవేళ కాలితే వెంటనే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి, టూత్‌పేస్టు, ఇంకు, ఐసు ఏదీ వద్దు. కూల్‌డ్రింక్ సీసాల్లో ఫినాయిలు, కిరోసిన్ పోసి పెట్టే అలవాటుంటే ఈరోజే మానండి. తాగేస్తే మాత్రం వేలు పెట్టి కక్కించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా డేంజర్, 108కి ఫోన్ చెయ్యండి. రిమోట్‌లో బిళ్ళ బ్యాటరీ మింగాడని డౌట్ వచ్చినా మోషన్‌లో పోతుందిలే అని ఆగకండి, గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

దేవుడి గది సంగతి అత్తమ్మకే అప్పజెప్పండి. హారతి కర్పూరం కొంచెం మింగినా పిల్లలకి ఫిట్స్ వస్తాయని చాలామందికి తెలీదు, బీరువాలో కలరా ఉండలు కూడా అంతే ప్రమాదం. ఆశా మళ్ళీ వచ్చినప్పుడు అత్తమ్మనే వెంట తిప్పి చూపించమనండి, అప్పుడు పెత్తనం ఆవిడదే అవుతుంది, గొడవుండదు.

బతుకమ్మకి తల్లిగారింటికి వెళ్తే అక్కడ సంపు మూత చూసుకోండి. 12 నెలల విజిట్ నాటికి వీడు పట్టుకుని నిలబడతాడు, ఇప్పుడు అందనివన్నీ అప్పుడు అందుతాయి, కాబట్టి ఆమెని ఇంకోసారి అన్నీ చూడమనండి.