కొత్త వంతెన మీద నడిచేవాళ్లకీ సైకిళ్లకీ దారి కావాలంటే ఎవరిని, ఎప్పుడు అడగాలి?

మీ ఊరి కాలువ మీద పాత వంతెన కొట్టేసి కొత్తది కడతారట, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ విడిగా దారి పెట్టమంటే అధికారులు వింటారా అని అడిగారు. వింటారు. కాకపోతే డ్రాయింగ్ ఖరారు కాకముందే వెళ్లాలి. మేం ఆలస్యంగా వెళ్లాం, అందుకే సగమే దక్కింది.

మాది గోదావరి డెల్టా. మా ఊరికీ హైస్కూలుకీ మధ్య పంట కాలువ ఉంది. పాత వంతెన మీద ఎదురుగా బస్సు వస్తే సైకిల్ దిగి పిట్టగోడకి ఆనుకుని నిలబడాల్సిందే. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా అలా నిలబడినప్పుడే ట్రాక్టర్ ట్రక్కు హ్యాండిల్‌కి తగిలి కింద పడింది. మోచెయ్యి విరిగింది. కొన్నాళ్లకి కొత్త వంతెన మంజూరైందంటే ఎంత సంతోషించామో చెప్పలేను. తీరా డ్రాయింగ్ చూస్తే 7.5 మీటర్ల రోడ్డు, అటూ ఇటూ కాంక్రీటు గోడ, అంతే. "రోడ్డు వెడల్పవుతోంది కదండీ, ఇక ఇబ్బందేముంటుంది" అన్నారు అక్కడి ఇంజినీరు. ఇరుకు వంతెన మీద బండ్లు నెమ్మదిగా పోతాయి. అదే వెడల్పైతే వేగం పెరుగుతుంది, అంచున వెళ్లే పిల్లకి అప్పుడు ఇంకా భయం.

వాళ్లకి మన అవసరం ఎందుకు కనపడలేదో నాకు తర్వాత అర్థమైంది. మా దగ్గర కొలతలు తీసుకోవడానికి వేసవిలో, కాలువలు కట్టేశాక వచ్చారు. అప్పుడు బడులకి సెలవులు, పొలం పనులూ తక్కువ. అందుకని బడి తెరిచాక మేమే రెండు రోజులు వంతెన దగ్గర కూర్చుని, పొద్దున్న ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా లెక్క రాశాం. బడి పిల్లలు, పాల క్యాన్ల సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, నెత్తిన గడ్డిమోపులతో ఆడవాళ్లు. దాటేవాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లే. ఆ కాగితం చూశాకే పై అధికారి మమ్మల్ని కూర్చోమని మాట్లాడారు. మీరూ ముందు ఈ పని చేయండి.

అర్జీలో ఊరికే "ఫుట్‌పాత్ కావాలి" అని రాయకండి, కొలత రాయండి. వంతెన మీద ఫుట్‌పాత్ కనీసం 1.5 మీటర్లుండాలని ఐఆర్‌సీ 5 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనలకి పెట్టిన ప్రమాణం) చెబుతుంది. నడిచేవాళ్ల సౌకర్యాల గురించిన ఐఆర్‌సీ 103 అయితే ఏ అడ్డూ లేని 1.8 మీటర్లు అడుగుతుంది. అంటే దీపం స్తంభం ఫుట్‌పాత్ మధ్యలో పాతకూడదు. క్రాష్ బారియర్, అంటే అదుపు తప్పిన బండిని ఆపే గట్టి గోడ, రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్యలో ఉండాలి, ఫుట్‌పాత్‌కి అవతల రెయిలింగ్ ఉండాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. బారియర్ బయటి అంచున పెడితే లారీకీ మనిషికీ మధ్య ఏమీ ఉండదు.

"బరువు పెరుగుతుంది, ఇప్పుడు కుదరదు" అని కూడా అంటారు. అది అబద్ధం కాదు. ఫుట్‌పాత్ మీద మామూలుగా చదరపు మీటరుకి 400 కిలోల బరువు లెక్కేసి డిజైన్ చేయాలి. గర్డర్లు (వంతెన బరువు మోసే దూలాలు) పోశాక చేర్చడం చాలా కష్టం. మేం స్కూలు వైపున సైకిళ్లకీ మనుషులకీ కలిపి రెండున్నర మీటర్లు అడిగాం. అప్పటికే ఆలస్యమైంది. ఒక్క పక్కన ఒకటిన్నర మీటర్లు ఇచ్చారు, సైకిళ్లు ఇప్పటికీ రోడ్డు మీదే పోతున్నాయి. ఆ బాధ నాకు పోలేదు.

డ్రాయింగ్ ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగ్ (వంతెన మొత్తం రూపం, కొలతలు చూపే పటం), ఖర్చు అంచనా నకళ్లు అని పేరు పెట్టి అడగండి. గ్రామసభ తీర్మానం, మీ లెక్క జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది, అవి వికలాంగులకీ అనువుగా ఉండాలంది. అది కూడా ఒక వాక్యంలో రాయండి.

మేం మర్చిపోయినవి రెండున్నాయి. ఒకటి అప్రోచ్, అంటే వంతెన చివర రోడ్డుతో కలిసే దారి. కొత్త వంతెన పాతదానికంటే ఎత్తు. ఫుట్‌పాత్ చివర అడుగు ఎత్తు మెట్టుతో ఆగిపోయింది. మా వీధిలో మూడుచక్రాల బండి మీద తిరిగే పెద్దాయన దాన్ని ఎక్కలేకపోయారు. ఇంకో అర్జీ పెట్టి ఆరు నెలలు తిరిగితే గానీ ర్యాంపు రాలేదు. పన్నెండడుగులకి అడుగు కంటే ఎక్కువ వాలు ఉండకూడదని మొదటి అర్జీలోనే రాయండి.

రెండోది, పని జరిగే రోజులు. కాలువలో తూములేసి మట్టి దారి పోశారు. పని పూర్తికాకముందే నీళ్లు వదలాల్సి రావడంతో దాన్ని తీసేశారు. ఇక ఆ పంట కాలమంతా పిల్లలు లాకుల మీదుగా నాలుగు కిలోమీటర్లు చుట్టి బడికెళ్లారు. ఆడపిల్లలు కొందరు మానేశారు కూడా. పని పూర్తయ్యేదాకా తాత్కాలిక కాలినడక వంతెన ఉంచాలని టెండరు షరతుల్లోనే రాయించండి. టెండరు పిలిచాక కాంట్రాక్టర్ తన ఖర్చుతో వేయడు.

మీ డ్రాయింగ్ ఏ దశలో ఉందో చెప్పండి. మా అర్జీ నకలు, లెక్క రాసిన పట్టిక నా దగ్గరున్నాయి, పంపిస్తాను.